శుక్రవారం స్లైడ్లు

రంజితకు తన కంటి మీద ఉన్నంత నమ్మకం తిరుపతి వెంకన్న మీద కూడా లేదు. చిక్కపేటలో చీరల గోదాముల నడుమ ఇరుక్కున్న ఆ స్టూడియోలో పాస్‌పోర్టు ఫోటోలు ఎవరైనా తీయగలరు. వెలిసిన పాత ఫోటోలను కంప్యూటర్లోకి ఎక్కించి రంగు సరిచేసే పని మాత్రం ఆమె ఒక్కదానిదే. యజమాని దేవరాజ్ వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు, మా పాప కంటికి మిషన్ కూడా సలాం కొడుతుందని. మొదట్లో ఆ మాటకు సిగ్గుపడేది. ఐదేళ్లు వింటూ వింటూ నిజమేననుకుంది. పొగడ్తంత సులువుగా తలకెక్కేది మరొకటి లేదు.

ఆ సోమవారం పదకొండు గంటలప్పుడు ఒక పెద్దాయన వచ్చాడు. డెబ్బై దాటి ఉంటాయి. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, చేతిలో తువ్వాలుతో మూటగట్టిన మూడు ప్లాస్టిక్ పెట్టెలు. పేరు ఆదినారాయణప్ప అని చెప్పాడు. వర్తూరు నుంచి రెండు బస్సులు మారి వచ్చాడట. మూట విప్పే ముందు కౌంటరు అద్దాన్ని జేబురుమాలుతో రెండుసార్లు తుడిచాడు. రంజితకు కొంచెం నవ్వొచ్చింది.

"ఎనభై నాలుగు స్లైడ్లు ఉండాయి పాపా. నేను పట్టుపురుగుల ఇలాఖాలో, అదే సర్కారు శాఖలో, ఫోటోగ్రాఫరుగా చేస్తా ఉంటి. ఇవన్నీ డెబ్బై నాలుగు, డెబ్బై ఐదులో తీసినవి. పురుగులు, గూళ్లు, మల్బరీ తోటలు. ఒక్కో రోలు చివర ఒకటో రెండో ఫ్రేములు మిగిలేవి. వాటిల్లో మా ఇంటామెను తీస్తా ఉంటి."

ఒక స్లైడు ఎత్తి ట్యూబులైటుకు పట్టి చూపించాడు. అట్ట చట్రంలో బిగించిన చిన్న ఫిల్ము ముక్క. అందులో ఎర్రటి పొగలో మునిగినట్టు ఒక ఆడమనిషి ఉంది.

"ఈ ఆదివారం ఆమెది సంవత్సరీకం. గోడకు పెట్టేదానికి పెద్దది ఒకటి కావల్ల. ముత్తైదువగా పోయింది," అన్నాడు. ఆ చివరి మాట అనేటప్పుడు గొంతులో దుఃఖం కన్నా గౌరవం ఎక్కువగా వినిపించింది.

మధ్యాహ్నం నుంచే రంజిత పని మొదలుపెట్టింది. రబ్బరు బుడ్డితో గాలి ఊది దుమ్ము పోగొట్టడం, మెత్తటి కుంచెతో ఫిల్మును ఒకసారి తడమడం, స్కానరు నోట్లో పెట్టడం. ఒక్కో స్లైడుకు నాలుగు నిమిషాలు. తెర మీదికి వచ్చిన బొమ్మలన్నీ ఒకటే ఎర్ర రంగు. ముప్పై ఏళ్ల ఫిల్ముకు అది మామూలే. అందులోని మూడు రంగుల్లో ఒకటి ముందుగా వెలిసిపోతే, మిగిలిన రెండూ ఇల్లంతా తమదేనని పరుచుకుంటాయి.

దాన్ని సరిచేయడానికి ఆమెకు తెలిసిన దారి ఒకటే. ఫోటోలో నిజంగా తెల్లగా ఉండే వస్తువును వెతికి, ఇదిగో ఇదే తెలుపు అని కంప్యూటరుకు చూపించాలి. చొక్కా కాలరో, సున్నం గోడో, పాలగిన్నో. ఆ ఒక్కటి కుదిరితే తక్కినవన్నీ వాటంతటవే వరుసకు వస్తాయి. మొదటి రోలులో వెదురు తట్ట నిండా పట్టుగూళ్లు ఎండలో కనిపించాయి. ఇంతకన్నా ఏం కావాలి? పట్టుగూడు తెల్లగా ఉంటుందని పాఠం పుస్తకంలో చదవనివాడెవడు? రంజిత గూటి మీద బాణం గుర్తు పెట్టి నొక్కింది. ఆ ఎర్ర రంగు ఒక్క దెబ్బకు దిగిపోయింది.

అదే కొలతను రోలు మొత్తానికి వేసింది. మిగతా రోళ్లు కూడా అలాగే వెలిసినట్టు కనిపిస్తే వాటికీ వేసింది. మల్బరీ ఆకులు మాత్రం కాస్త నీలంగా తిరిగాయి. ఎందుకు తిరిగాయని ఆగి ఆలోచించలేదు. ఆకుల రంగును విడిగా పట్టుకుని సరిచేసి ముందుకు పోయింది.

పెద్దాయన గుర్తుపెట్టి ఇచ్చిన స్లైడులో ఆ ఇల్లాలు గడపలో నిలబడి ఉంది. నడుం మీద అల్యూమినియం బిందె. ఎవరో పిలిస్తే అప్పుడే తల తిప్పినట్టున్న చూపు. ముఖం పాలిపోయినంత తెల్లగా తేలింది, నుదుట కుంకుమ ఇటుక రంగులో మిగిలింది. వెనకనుంచి వచ్చిన దేవరాజ్ తెర చూసి ఈల వేశాడు.

"అబ్బా, ఏం తెలుపు వచ్చింది పాపా! సినిమా హీరోయిన్ మాదిరి ఉండాది. ఆ పెద్దాయన మురిసిపోతాడు చూడు."

బుధవారం ఆదినారాయణప్ప వచ్చేసరికి కౌంటరు దగ్గర రద్దీగా ఉంది. పెళ్లిచూపుల ఫోటో కోసం ఒక తల్లీ కూతురూ, రేషన్ కార్డుకు ఫోటోలు కావాలని ఇద్దరు మగవాళ్లు. రంజిత చిన్న సైజు నమూనా ప్రింటు అతని చేతిలో పెట్టింది. అతను దాన్ని కౌంటరు దగ్గర చూడలేదు. ట్యూబులైటు వెలుగు వదిలి, వాకిట్లోకి నడిచి, పగటి వెలుతురులో వాల్చి పట్టుకుని చూశాడు. చాలాసేపు చూశాడు. ముసలివాళ్ల చాదస్తం అనుకుంది రంజిత.

"పసుపు లేదే పాపా," అన్నాడు తిరిగి వచ్చి.

"ఏ పసుపు తాతా?"

"మొగానికి. చెవుల దాకా నిండుగా ఉండె గదా పసుపు."

"అది పసుపు కాదు తాతా. ఫిల్ము పాతదై పట్టిన రంగు. దాన్ని తీసేదానికే గదా మీరు మాకిచ్చింది?"

"ఈ ఫిల్ము చెడితే ఎర్రగా పోతాది పాపా. పసుపుగా పోదు. చూడు, ఈ గూళ్లు కూడా నువ్వు..."

రంజిత అతన్ని ముగించనివ్వలేదు. నలుగురి ముందర, అందులోనూ దేవరాజ్ వింటుండగా, తన పనిలో తప్పు పట్టడం ఆమెకు కొత్త. ముఖం వెచ్చబడింది.

"తాతా, మీకు కంటి ఆపరేషన్ అయిందా?"

"లేదమ్మా."

"అదీ సంగతి," అంది రంజిత. ప్రింటరులోంచి ఒక తెల్ల కాగితం లాగింది. పెళ్లి ఆల్బముల కోసం ఉంచిన మీగడ రంగు అట్ట ఒకటి తీసింది. రెండూ అతని ముందు పక్కపక్కన పరిచింది. "ఈ రెండిట్లో ఏది తెలుపో చెప్పండి చూస్తాం."

కౌంటరు దగ్గరున్నవాళ్లంతా మాటలు ఆపి ఇటు తిరిగారు. ఆదినారాయణప్ప రెండింటినీ దగ్గరికి లాక్కున్నాడు. దూరం పెట్టాడు. వేలితో తడిమాడు, చేతికి తెలుస్తుందేమోనన్నట్టు. "రెండూ ఒకటే మాదిరి ఉండాయే," అని గొణిగాడు. చివరికి మీగడ రంగు అట్ట మీద వేలు పెట్టాడు.

పెళ్లికూతురు కాబోయే పిల్ల నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. దేవరాజ్ పైకే నవ్వి, "పోనీలెండి సార్, వయసు గదా," అన్నాడు. రంజిత గెలిచినదానిలా కాగితాలు సర్దుకుంది. అయినా అంతటితో ఊరుకోలేదు.

"కంట్లో పొర పసుపుగా ఉంటాది తాతా. దాంట్లో నుంచి చూసేదంతా పసుపుగానే కనిపిస్తాది. మీకు తెలియకుండానే పదేండ్లు, పదిహేనేండ్లు ఉంటాదంట. ఫోటోది తప్పు కాదు."

"పదిహేనేండ్లా?" అన్నాడతను. ఫోటోను మళ్లీ చూశాడు. ఈసారి వాకిట్లోకి పోలేదు. నిలబడినచోటే చూశాడు. "అయితే ఆమెను నేను చూసింది కూడా అట్లనే ఉంటాదేమో," అని తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. తర్వాత తల ఎత్తి, "నువ్వు చెప్పిందే సరి పాపా. పెద్దది తీయి," అన్నాడు.

మధ్యాహ్నం దాకా మూల స్టూలు మీద ఒదిగి కూర్చున్నాడు. పెద్ద ప్రింటు వచ్చాక పక్క సందులో ఫ్రేము కట్టించుకుని, పాత పేపరులో చుట్టుకుని తీసుకుపోయాడు. మిగతా స్లైడ్లు తీరిగ్గా సీడీలో వేసి ఉంచమని పెట్టెలు వదిలి వెళ్లాడు. వెళ్లేటప్పుడు దేవరాజ్‌కు నమస్కారం పెట్టాడు. రంజితకు కూడా పెట్టాడు.

శుక్రవారం ఉదయం రంజిత టిఫిను డబ్బా కట్టుకుంటుండగా తల్లి నాగమ్మ తలంటుకుని స్నానాల గదిలోంచి బయటికి వచ్చింది. ఇరవై తొమ్మిదేళ్లుగా రంజిత చూస్తున్న ముఖమే. శుక్రవారం శుక్రవారం పసుపు పట్టించే ముఖమే. కిటికీ దగ్గర నిలబడి జుట్టు దులుపుతుంటే చెంపల మీద పసుపు పలచగా ఉంది, చెవుల దగ్గర, జుట్టు మొదళ్లలో మాత్రం చిక్కగా నిలిచిపోయింది. చెవుల దాకా నిండుగా ఉండె గదా అన్నాడు ముసలాయన.

డబ్బా మూత చేతిలోనే ఉండిపోయింది. కంట్లో పసుపు పొర ఉన్నవాడికి అంతా పసుపుగా కనపడాలి. అంటే ఆ ఫోటో కూడా పసుపుగానే కనపడాలి గదా? అంత పొరలోంచి చూసి కూడా అతనికి అక్కడ పసుపు కనపడలేదంటే, అక్కడ అది బొత్తిగా లేదన్నమాట. ఇంత చిన్న లెక్క. చిన్నపిల్లకు కూడా తట్టేది. నలుగురి నవ్వుల మధ్య తనకు తట్టలేదు.

"ఏమే, నిలబడిపోయినావు?" అంది నాగమ్మ.

"ఏం లేదమ్మా," అని చెప్పులేసుకుంది.

స్టూడియో తలుపు తెరవగానే స్లైడు పెట్టెలు ముందేసుకుంది. సోమవారం తొందరలో ఆమె ఫిల్మునే చూసింది గాని అట్ట చట్రాన్ని చూడలేదు. ప్రతి చట్రం అంచునా పెన్సిలుతో, చీమల బారులా సన్నటి కన్నడ అక్షరాలు. తేదీ, వేళ, ఎండా నీడా. గూళ్ల తట్ట ఉన్న స్లైడు మీద ఇలా ఉంది: మైసూరు నాటు జాతి, పసుపు గూడు, ఉదయం ఎండ. ఆమె తెలుపు అనుకుని నొక్కింది పసుపు గూటిని. అందులోంచి పసుపును పిండేసి, అదే కొలతతో ఎనభై నాలుగింటినీ పిండేసింది.

భార్యవి పదకొండు స్లైడ్లు ఉన్నాయి. వాటి మీద ఎండా నీడా ఏమీ రాయలేదు. మొదటిదాని మీద ఆమె పేరూ వారమూ మాత్రమే: సొన్న, శుక్రవారం. రెండోదాని మీద, సొన్న, శుక్రవారం. రంజిత ఒక్కొక్కటే తిప్పి చూసింది. పదకొండూ శుక్రవారాలే. రోలు ఏ రోజు అయిపోవచ్చినా, ఆ చివరి ఫ్రేములు ఆమె పసుపు పెట్టుకునే శుక్రవారం కోసం దాచుకున్నాడు ఆ మనిషి. అలాంటివాడి ముందు కాగితమూ అట్టా పరిచి, ఏది తెలుపో చెప్పమంది తను.

ఆ ఇల్లాలు గడపలో నిలబడి ఉన్న స్లైడును మళ్లీ తెరిచింది. ఈసారి గూళ్ల జోలికి పోకుండా ఆమె నడుం మీద ఉన్న అల్యూమినియం బిందె మీద గురి పెట్టింది. అది ఏ కాలంలోనైనా బూడిద రంగే. నొక్కగానే గడప పక్కన పోసిన మల్బరీ ఆకులు ఎవరూ సరిచేయకుండానే ఆకుపచ్చగా నిలబడ్డాయి. సొన్నమ్మ చెంపల మీదికి పలచగా, చెవుల దగ్గర చిక్కగా, మెడలో తాళిదారం పొడవునా పసుపు వచ్చింది. కుంకుమ ఎర్రబడింది. చామనఛాయ మనిషి. ఎంత ఆరోగ్యంగా ఉందో!

దేవరాజ్ వచ్చాక రెండూ పక్కపక్కన పెట్టి చూపించింది. అతను గెడ్డం గోక్కున్నాడు.

"సరే, తప్పే. అయినా ఆయన ఒప్పుకొని తీసుకొనిపోయినాడు గదా. కందకు లేని దురద కత్తిపీటకెందుకు? సుమ్మనె ఊరుకో పాపా."

"అందరి ముందర ఆయన్ని గుడ్డివాణ్ణి చేసినా దేవరాజన్నా."

"ఇప్పుడు పోయి చెప్తే మన స్టూడియో పేరేమైతాది? ఆలోచన చేసుకో."

ఆమె ఆలోచన చేసుకుంది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన కాసేపు హాయిగా కూడా ఉంది. అది హాయిగా ఉన్నందుకు మరింత సిగ్గేసింది. భోజనాల వేళ దేవరాజ్ బయటికి పోగానే, బిల్లు పుస్తకంలో రాసుకున్న వర్తూరు నంబరుకు ఫోన్ చేసింది. కాత్యాయని అనే ఆమె ఎత్తింది, ఆయన కూతురట.

"నాన్న పడుకొన్నాడమ్మా. నిన్ననే కంటి ఆపరేషన్ చేయించుకొన్నాడు. ఎన్నేండ్లుగా బతిమాలితే విననివాడు, మీ స్టూడియోలో ఎవరో చెప్పినారంట, బుధవారం ఇంటికి వచ్చి రాగానే పోదాం పద అన్నాడు. ఏమైనా చెప్పల్లనా?"

రంజిత నోరు తెరిచింది. "ఏం లేదక్కా. సీడీ రెడీ అయింది, అంతే," అని పెట్టేసింది. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు. జారిన నోరు అవసరానికి తెరుచుకోదని మాత్రం ఎవరూ చెప్పలేదు.

శనివారం దేవరాజ్ చూస్తుండగానే పెద్ద సైజులో కొత్త ప్రింటు తీసింది. దాన్ని చుట్టే కాగితపు గొట్టం అతనే వెతికి ఇచ్చాడు.

ఆదివారం మార్కెట్టు దగ్గర వర్తూరు బస్సెక్కింది. ఇంకా ఊరి రూపు పోని సందులో, కొత్తగా లేస్తున్న అపార్టుమెంటు వెనక ఆ ఇల్లు. ఆమె పోయేసరికి పూజ అయిపోయింది. ఇరవైమంది దాకా చుట్టాలు చాపల మీద కూర్చుని ఉన్నారు. ఎదురుగా గోడకు ఆనించిన పీట మీద సేవంతి దండ వేసిన ఫోటో, దాని ముందు ఆకులో వడలూ పాయసమూ. దండ మధ్యలోంచి సొన్నమ్మ తెల్లగా, పాలిపోయి చూస్తోంది.

గుమ్మం దగ్గర అరవై ఏళ్ల ఆవిడ ఒకతె పక్కామెతో గొంతు తగ్గించి మాట్లాడుతోంది. "మా అక్క పుణ్యాత్మురాలప్పా. పసుపు కుంకుమలతో పోయింది. ఆ ఫోటోలో చూస్తే బోసి మొగం. మొగుడు పోయినదాని మాదిరి చేసి పెట్టినారు. బావకు చెప్తే వినడు."

రంజిత ఆ మాట విని గుమ్మం బయటే ఆగిపోయింది. అప్పటికే ఆదినారాయణప్ప ఆమెను చూశాడు. కళ్లకు నల్లద్దాలు, కుడి చెంప మీద ప్లాస్టరు ఊడదీసిన గుర్తు. గోడ పట్టుకుని లేచాడు.

"రా పాపా, రా! చిక్కమ్మా, ఈ పాపే నేను చెప్పింది. స్టూడియోలో ఈ పాప చెప్పబట్టే నా కండ్లు తెరుచుకొన్నాయి. రెండు కాగితాలు చూపించి ఒక్క నిమిషంలో తేల్చేసింది." చుట్టాలందరి వైపూ తిరిగాడు. "పసుపు పూసుకొనేది నిజమే. కానీ నేననుకొన్నంత పసుపు కాదంట. అది నా కంట్లోది. ఇప్పుడు చూస్తే గోడ తెల్లగా ఉండాది, అన్నం తెల్లగా ఉండాది. నలభై ఏండ్లు పక్కనుండి, ఆమె మొగమే నాకు సరిగ్గా గుర్తు లేదనుకోండి."

అని నవ్వాడు. ఇంకెవరూ నవ్వలేదు. రంజిత గొట్టంలోంచి కొత్త ప్రింటు తీసి, చాప మీద పరిచి, రెండు కొసలూ చేతులతో అదిమిపట్టింది.

ఆడవాళ్లంతా ముందుకు వంగారు. "అక్కే," అంది గుమ్మం దగ్గర మాట్లాడిన చిక్కమ్మ. ఆ తర్వాత ఏడ్చింది.

ఆదినారాయణప్ప మోకాళ్ల మీద కూర్చుని, నల్లద్దాలు పైకెత్తి చూశాడు. చివరికి మెల్లగా, అందరికీ వినపడకూడదన్నట్టు అడిగాడు.

"నా కోసం పూసి తెచ్చినావా పాపా?"

"తాతా?"

"ముసలాయన బాధపడతాడని కంప్యూటర్లో పసుపు పూసినావు గదా. నీది మంచి మనసు. కానీ వద్దు తల్లీ. ఉన్నది ఉన్నట్టే చూస్తా. ఇంక నేను దాన్నే అలవాటు చేసుకోవల్ల."

తిడతాడని వచ్చింది రంజిత. నిజం తెచ్చి చేతిలో పెడితే దయతో తిప్పి ఇస్తాడని అనుకోలేదు. అతని మాట తను నమ్మలేదు. ఇప్పుడు తన మాట అతను నమ్మడం లేదు, అదీ తను చెప్పిన మొదటి మాటను పూర్తిగా నమ్మినందువల్ల. సంచిలోంచి స్లైడ్ల పెట్టె తీసి, తండ్రి పక్కనే ఉన్న కాత్యాయని చేతికిచ్చింది.

"అక్కా, ఈ అట్టల మీద తాత రాసింది చదవండి. గట్టిగా చదవండి."

కాత్యాయని బడిలో టీచరు. గొంతు ఇల్లంతా వినపడేది. "మైసూరు నాటు జాతి, పసుపు గూడు, ఉదయం ఎండ."

"నేను ఆ గూడు తెల్లది అనుకున్నా," అంది రంజిత. "దాన్ని తెల్లగా చేసే కొలతే అన్ని ఫోటోలకూ వేసినా. గూటిలోని పసుపుతో పాటు అవ్వ మొగంలోదీ పోయింది. దీంట్లో నేను ఏమీ పూయలేదు తాతా. ముందరిదాంట్లోనే తీసేసినా."

"నాటు గూడు పసుపుగా గాక తెల్లగా ఉంటాదా?" అంది చిక్కమ్మ కళ్లు తుడుచుకుంటూ. "మా ఊర్లో పసిబిడ్డనడిగినా చెప్తాది. తాత చెప్పలేదా నీకు?"

"చెప్పబోయినాడు. నేను చెప్పనీలేదు."

కాత్యాయని ఈలోపు తర్వాతి స్లైడు తీసింది. ఆగమని ఎవరూ అనలేదు గనక చదువుకుంటూ పోయింది. "సొన్న, శుక్రవారం. సొన్న, శుక్రవారం. సొన్న, శుక్రవారం." నాలుగోదానికి ఆమె గొంతు మెత్తబడింది. మూల కూర్చున్న ఆడవాళ్లు ఒకరినొకరు చూసుకుని కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"చాలు, చాలు, పెట్టేయమ్మా," అన్నాడు ఆదినారాయణప్ప. చెవులు ఎర్రబడ్డాయి. ముప్పై ఏళ్లుగా ఎవరికీ చెప్పనిది నలుగురిలో బయటపడింది. అది కూడా తన వల్లేనని రంజితకు అర్థమైంది. తప్పు దిద్దబోయి మరో తప్పు చేసింది.

అతను పెట్టె తీసుకుని మూత పెట్టాడు. కొత్త ఫోటోను మళ్లీ చూశాడు. ఈసారి వేలితో సొన్నమ్మ చెవి దగ్గర, తాకీ తాకకుండా గీత గీశాడు.

"అయితే నాకు గుర్తుండింది సరిగ్గానే ఉండాది," అన్నాడు.

"సరిగ్గానే ఉండాది తాతా."

"ఆ పొద్దు నేను చెప్తే ఏంటికి నమ్మలేదు పాపా?"

ఆ ప్రశ్నలో కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. రంజిత జవాబులు వెతికింది. రద్దీగా ఉండింది, యజమాని వింటున్నాడు, మీరు కాగితం తప్పు చెప్పారు. అన్నీ నిజాలే, ఏ ఒక్కటీ జవాబు కాదు.

"నాకే బాగా తెలుసనుకుంటి తాతా," అంది. "మిమ్మల్ని అందరి ముందర నవ్వులపాలు చేసినా. అది తప్పు. అందరి ముందరే చెప్పల్లని వచ్చినా."

పరవాలేదులే అని ఆయన అంటాడని అందరూ ఎదురుచూశారు, రంజిత కూడా. ఆయన అనలేదు. "ఊఁ" అని మాత్రం అన్నాడు. తర్వాత, "ఊట చేసి పో. ఈ పొద్దు వచ్చినవాళ్లు తినకుండా పోకూడదు," అన్నాడు.

ఆకు ముందు కూర్చుంది. చిక్కమ్మ వడ్డించింది, రెండోసారి వడ కూడా వేసింది. ఎవరూ మొహం ముడుచుకోలేదు, ఎవరూ దెప్పలేదు. దెప్పి ఉంటే ముద్ద దిగేదేమో. పాయసం తాగుతుంటే ఎదురుగా కాత్యాయనీ, ఇంకొకామే కలిసి పాత ఫోటో మీది దండ తీస్తున్నారు. కొత్తదాన్ని గుండుసూదులతో ఒక అట్టకు బిగించి పీట మీద పెట్టారు. దండ దానికి వేశారు. చిక్కమ్మ వేలితో పసుపు తీసి ఫోటో అంచున బొట్టు పెట్టింది. ఇంక అక్కడ పాత ఫోటోకు చోటు లేదు.

వెళ్లొస్తానని చెప్పడానికి పోతే ఆదినారాయణప్ప ఆ పాత ఫోటోను ఫ్రేముతో సహా పేపరులో చుట్టి పెట్టుకుని ఉన్నాడు.

"ఇది నువ్వే తీసుకొనిపో పాపా. ఇంట్లో ఉంచుకొనేదానికి లేదు. పారేయల్లంటే నాకు చేతులు రావు. ఎంతైనా ఆమె గదా."

రంజిత రెండు చేతులా అందుకుంది. ఇంకేమైనా అంటాడేమోనని ఒక్క క్షణం నిలబడింది. ఆయన అప్పటికే లోపలికి తిరిగి, పీట మీది ఫోటో వైపు నడుస్తున్నాడు.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. ఫ్రేము పెద్దది, కాళ్ల దగ్గర పట్టలేదు. కాళ్ల దగ్గర పెట్టడానికి మనసు కూడా ఒప్పలేదు. ఒళ్లో నిలబెట్టుకుంది. మారతహళ్లి దాటేసరికి కుదుపులకు పేపరు చిరిగి, సొన్నమ్మ ముఖం సగం బయటికి వచ్చింది. పక్కన కూర్చున్న ఆవిడ కూరగాయల సంచి సర్దుకుంటూ తొంగిచూసింది. పోయినవాళ్ల ఫోటో అని గుర్తుపట్టి రెండు చేతులూ కళ్లకద్దుకుంది.

"మీ అమ్మనా?"

"కాదక్కా."

"ఎంత చక్కగా ఉండాది! తెల్లగా, దొరసాని మాదిరి. ఈ కాలంలో ఇట్లాంటి ఫోటో ఎవరు తీస్తారు?"

రంజిత పేపరును పైకి లాగి కప్పబోయింది. ఆవిడ జవాబు కోసం చూస్తోంది. తల ఊపి ఊరుకుంటే సరిపోయేది. బస్సులో ఉన్నవాళ్లెవరూ ఆమెకు తెలియదు, రేపు కనపడేవాళ్లూ కాదు.

"తెల్లామె కాదక్కా," అంది. "ముత్తైదువగా పోయినామె. మొగాన నిండుగా పసుపు ఉండె. నేనే తుడిచేసినా."

ఆవిడ రంజితను ఒకసారి, ఫోటోను ఒకసారి చూసింది. సంచి ఒళ్లోకి తీసుకుని కొంచెం అవతలికి జరిగి కూర్చుంది.